ఇసకవాగు స్టేషనుకు లైన్ క్లియర్

మా మేడమీద గదిలో రైలు నడవాలంటే ఎవరి అనుమతీ అక్కర్లేని రోజులు కొన్ని ఉండేవి. స్విచ్చి వేస్తే కదిలేది, తీసేస్తే ఆగేది. అంత తేలిగ్గా రైలు నడవడం ఎంత ప్రమాదమో నాకు చెప్పేవాళ్ళు అప్పట్లో లేకపోయారు.

నా పేరు కనకాచారి. మా ఊరు రైల్వే జంక్షను. స్టేషనుకి ఎదురుగా వాచీల రిపేరు షాపు నడిపి, అందులోనే ముసలివాణ్ణయ్యాను. రైళ్ళు టైముకి రాని ఊళ్ళో వాచీల షాపుకి గిరాకీ బాగా ఉంటుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి నిలబడి విసిగిన మనిషికి, తప్పు తన వాచీదేమోనని అనుమానం వస్తుంది. పట్టుకొచ్చి చూపించేవాడు. మీ వాచీ బాగానే ఉందండీ అని చెప్పి, మూత తీసి తుడిచినందుకు ఏదో పుచ్చుకునేవాణ్ణి. జనం జేబుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాక షాపు మూసేశాను. కంటికి భూతద్దం, చేతికి పట్టకారు అలవాటైనవాడు అరుగుమీద ఊరికే ఎంతసేపని కూర్చుంటాడు? బొమ్మరైళ్ళు కట్టడం మొదలుపెట్టాను.

బొమ్మరైలంటే తిరునాళ్ళలో కొని పిల్లాడి చేతిలో పెట్టేది కాదు. అసలు రైలుని ఎనభై ఏడో వంతుకి కుదించి, చక్రాలు, కిటికీ ఊచలు, గార్డు పెట్టె తలుపుకుండే గొళ్ళెం దాకా అన్నీ ఆ లెక్కనే చెయ్యాలి. గది నాలుగు గోడల వెంబడీ బల్లలు వేసి పట్టాలు పరిచాను. గదికి రెండు తలుపులు. మెట్లవైపుది ఒకటి, డాబామీదికి వెళ్ళేది ఇంకొకటి. తలుపుల దగ్గర పట్టాలు మనిషికి అడ్డం రాకుండా ఎత్తి దించే చెక్కలు అమర్చాను. థర్మకోలుతో కొండ, స్పాంజి ముక్కలతో చెట్లు, జిగురు ఆరబెట్టి వాగులో నీళ్ళు. చూస్తే మనసుకి హాయిగా ఉండేది.

మా ఆవిడ హైమావతి మొదట్లో అటు తొంగి చూసేది కాదు. "ఈ వయసులో బొమ్మలాటలేమిటండీ, నలుగురూ విన్నారంటే నవ్విపోతారు" అనేది. ఒకరోజు తడిబట్టలు ఆరెయ్యడానికి డాబామీదికి పోతూ, బకెట్టు చేత్తో పట్టుకునే ఆగింది.

"ఇదే స్టేషనండీ?"

"ఏదో స్టేషను. పేరు పెట్టలేదు."

బకెట్టు కింద పెట్టింది. తర్వాత, "ఇసకవాగు కట్టగలరా?" అంది.

ఇసకవాగు మా ఆవిడ పుట్టి పెరిగిన చోటు. ఊరు కాదు, స్టేషనే. ఊరు ఎక్కడో పొలాలవతల ఉండేది. మా మామగారు లక్ష్మణాచారిగారు అక్కడ స్టేషన్ మాస్టరు. చిన్న పట్టాల లైను, పొద్దున ఒక పాసింజరు, సాయంత్రం ఒక పాసింజరు. తర్వాత్తర్వాత పెద్ద పట్టాలు వేసినప్పుడు దగ్గరి దారి వెతికి వేశారు. పాత పట్టాలు పీకి, స్టేషనూ క్వార్టర్సూ కూల్చేశారు. రాళ్ళు ఎవరికి దొరికినవి వాళ్ళు తోలుకుపోయారు. ఇప్పుడక్కడ మిరపచేలు. ఆ స్టేషనుకి ఒక ఫొటో కూడా లేదు. అది ఉన్నది మా ఆవిడ బుర్రలోనూ, హుబ్లీలో ఉంటున్న ఆవిడ అక్క, మా వదినగారు కౌసల్యగారి బుర్రలోనూ.

మా ఆవిడ చెబుతుంటే విని కట్టాను. "నాన్న కిటికీ ఇంకొంచెం ఎడమకండీ" అనేది. నేను జరిపేవాణ్ణి. "గంట ఇక్కడ కాదు, దూలానికి వేలాడేది. గంటంటే గంట కాదు, పట్టా ముక్క. నాన్న ఇనప కమ్మీతో కొట్టేవారు" అనేది. నేను గడియారం స్ప్రింగు కత్తిరించి వేలాడదీసేవాణ్ణి. టిఫిన్ డబ్బా అంత స్టేషను తయారయ్యేసరికి మా ఇద్దరి మధ్యా, పెళ్ళయిన కొత్తలో కూడా లేనన్ని మాటలు నడిచాయి.

"శ్రావణంలో అక్క వస్తోంది. వారం రోజులుంటుంది" అంది ఒకనాడు. "సాయంత్రం పాసింజరు ఇసకవాగులో ఆగడం అక్కకి చూపించాలండీ. అంతే."

నగ అడిగినా చీర అడిగినా రేపంటూ దాటేసేవాణ్ణి. ఇది దాటేసేది కాదు. తప్పకుండా అన్నాను.

ఒక్క అనుమానం మిగిలింది. సిగ్నలు స్తంభం పట్టాలకి ఏ పక్కన ఉండాలి? మా ఆవిడకి గుర్తులేదు. అడిగితే పోయేదేముందని, మా పాత ఖాతాదారు దైవసహాయంగారిని కాఫీకి పిలిచాను. అడగడంతోనే అంతా పోయింది.

దైవసహాయంగారు రిటైరైన స్టేషన్ సూపరింటెండెంటు. ఇప్పటికీ తెల్లప్యాంటు ఇస్త్రీ నలగదు. మేడమీదికి వచ్చారు. ముచ్చట పడతారని స్విచ్చి వేశాను. బండి కూత వేసి, కొండ చుట్టూ తిరిగి, వాగు వంతెన మీదుగా ఇసకవాగు వైపు వచ్చింది. మెచ్చుకుంటారని ఆయన మొహం చూశాను. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఆపండి! ఆపండి ముందు!"

ఆపాను.

"ఈ బండికి లైన్ క్లియర్ ఎవరిచ్చారు?"

దారి ఖాళీగా ఉంది, బండిని పంపించుకోవచ్చు అని ముందు స్టేషను మాస్టరు వెనక స్టేషనుకి చెప్పడాన్ని లైన్ క్లియర్ అంటారు. అది లేకుండా రైలు అంగుళం కదలకూడదు. ఆ సంగతి నాకూ తెలుసు.

"ముందు స్టేషను నాదేనండీ. వెనక స్టేషనూ నాదే. ఉన్నది ఒకటే బండి" అన్నాను.

"సరిగ్గా ఇలా అనుకున్న చోటే జరుగుతాయి ఆచారిగారూ." మంచినీళ్ళడిగి తాగారు. "నా సర్వీసులో ఒక్క మచ్చ లేదు. కళ్ళతో చూశాక చూడనట్టు ఎలా వెళ్ళిపోను?"

మర్నాడు ఆయనతో ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకరు అనంతశయనంగారు. డివిజన్ ఆఫీసులో పెద్ద సీట్లో పనిచేసి దిగిన మనిషి. సదరు, మేరకు, తత్సంబంధిత అన్న మాటలు లేకుండా ఆయన మంచినీళ్ళు కూడా అడగరు. రెండోవాడు మస్తాన్ వలీ, రిటైరైన డ్రైవరు. వలీ ఇంజను ముందు వంగి, పసిపిల్లని చూసినట్టు చూశాడు. వేలు చాపాడు.

"వలీ, ముట్టుకోవద్దు. తనిఖీ కాలేదు" అన్నారు అనంతశయనంగారు.

ఆ సాయంత్రానికి మా మేడమీద గది ఒక డివిజను అయిపోయింది. అనంతశయనంగారు దానికి అధిపతి. దైవసహాయంగారు రాకపోకల విభాగం, వలీ ఇంజన్ల విభాగం. నేను ఏ విభాగమో తేల్చడానికి కొంత చర్చ జరిగింది. చివరికి "సదరు కనకాచారిని స్థలదాతగా పరిగణించడమైనది" అన్నారు. స్థలదాతకి రైలు దగ్గర పని లేదట. కాఫీలు మాత్రం స్థలదాతవే.

ముందు వేగం సంగతి వచ్చింది. కొత్తగా వేసిన పట్టాలు గనక గంటకి అయిదు కిలోమీటర్లు దాటకూడదన్నారు. సరేనన్నాను.

"అసలు బండికి అయిదు. మీది ఎనభై ఏడో వంతు కదా? వేగం కూడా ఆ మేరకు తగ్గించవలసి ఉంటుంది."

లెక్కకట్టి చూశారు. పట్టాల పక్కన ఒక చీమ పోతోంది. బండి దానికంటే వెనకబడాలని తేలింది. నా మోటారు అంత నెమ్మదిగా తిరగదు. అంతకంటే గట్టిగా తిప్పితే నిబంధన ఉల్లంఘన, అంత నెమ్మదిగా తిప్పితే కదలదు. అందువల్ల బండిని ఉన్నచోటే ఉంచారు. ఉన్నచోట ఉన్న బండి వేగ నిబంధనని చక్కగా పాటిస్తోందని అనంతశయనంగారు సంతృప్తి వెలిబుచ్చారు.

తర్వాత డ్రైవరుకి కంటి పరీక్ష. వలీ కుడికంట్లో పొర ఉంది. అయినా మనిషి ఉత్సాహంగానే గోడవైపు తిరిగి నిలబడ్డాడు. క్యాలెండరు మీద తిథులు చదవమన్నారు. ఏకాదశి దాకా బాగా చదివాడు. ద్వాదశి దగ్గర దొరికిపోయాడు.

"ఇంజను నడపడానికి అనర్హుడు" అన్నారు అనంతశయనంగారు.

"సార్, ఇది నా అరచేయంత లేదు. ఒళ్ళో పెట్టుకుని నడపొచ్చు" అన్నాడు వలీ.

"ఇంజను పరిమాణాన్ని బట్టి కంటిచూపును సడలించే అధికారం మనకు లేదు."

వలీ డ్యూటీ లేని డ్రైవరయ్యాడు. డ్యూటీ లేకపోయినా రన్నింగ్ రూము ఉండాలని పట్టుబట్టాడు. బండి దిగిన డ్రైవరు నడుము వాల్చుకునే గది అన్నమాట. బండి ఎక్కనివాడు దిగడమేమిటని నేను అడగబోయాను గానీ, ఆ మొహం చూసి నోరు రాలేదు. నా పడక్కుర్చీ రన్నింగ్ రూము అయింది. వలీ అందులో పడుకుని ఇంజనుకేసి చూస్తూ ఉండేవాడు.

గేటు వచ్చాక మా ఆవిడకి సెగ తగిలింది. డాబా తలుపు దగ్గర నేను పెట్టిన ఎత్తుడు చెక్క నిబంధనల ప్రకారం లెవెల్ క్రాసింగట. ఎర్రరంగూ తెల్లరంగూ పూసిన వెదురుబద్ద అడ్డం కట్టారు. ఒకనాడు హైమావతి మజ్జిగ మిరపకాయలు ఎండబెట్టడానికి పళ్ళెం పట్టుకొచ్చింది. గేటు వేసి ఉంది. పక్కన దైవసహాయంగారు.

"కాస్త తియ్యండి అన్నయ్యగారూ."

"బండి వచ్చే టైమమ్మా."

"ఏదీ బండి?"

"బండికి అనుమతి రాలేదు."

"అయితే తియ్యండి."

"రావలసిన బండి వెళ్ళకుండా గేటు తియ్యకూడదమ్మా."

"అనుమతి ఎప్పుడొస్తుంది?"

"ఈ గేటు సంగతి తేలాక."

హైమావతి పళ్ళెం చంకన పెట్టుకుని నిలబడింది. దైవసహాయంగారు మంచివారు. నిలబడ్డవాళ్ళ కోసం నీడ ఉండాలని గొడుగు తెచ్చి పట్టారు. మిరపకాయలు నీడనే ఎండాయి. మా ఆవిడ గొడుగు కింద నిలబడి ఇంజనూ స్విచ్చీ చూస్తూ చాలాసేపు గడిపింది. ఆ తర్వాత కిందికి దిగి, "వంటింటికి కూడా గేటు పెడుతున్నానండీ. కాఫీకి లైన్ క్లియర్ వచ్చేదాకా తియ్యను" అంది. ఆ రోజు డివిజను మొత్తానికి తలనొప్పి వచ్చింది. మర్నాటినుంచి బట్టల బకెట్టుకీ పళ్ళేనికీ ప్రత్యేక మినహాయింపు దొరికింది.

ఇన్ని జాగ్రత్తల మధ్య కూడా ప్రమాదం జరిగిపోయింది. కదలకుండా నిలబడి ఉన్న బండి చివరిపెట్టె మీద కప్పునుంచి బల్లి పడింది. పెట్టె ఒరిగింది. విచారణ మూడురోజులు నడిచింది. తమ విభాగం తప్పు లేదని దైవసహాయంగారు, తమ విభాగం తప్పు లేదని వలీ వేరువేరుగా వాదించారు. ప్రత్యక్షసాక్షిగా హైమావతిని పిలిచారు.

"బల్లి ఏ దిశ నుండి వచ్చినది?" అన్నారు అనంతశయనంగారు.

"పైనుంచండీ."

"పడినప్పుడు బండి పరిస్థితి?"

"మీరు ఉంచినట్టే ఉందండీ. అది సరేగానీ, పంచాంగంలో చూశాను. బల్లి తలమీద పడితే ఒక ఫలితం, భుజంమీద పడితే ఒక ఫలితం రాశారు. గార్డు పెట్టె మీద పడితే ఏమిటో రాయలేదు. మీ నిబంధనల్లో ఉందేమో చూడండి."

ఉంటుందనే ఆయన అనుకున్నారు. వెతికారు కూడా. చివరికి బాధ్యత బల్లిదేనని, సదరు బల్లి విచారణకు హాజరు కాలేదు గనక చర్యను వాయిదా వేయడమైనదని తేల్చారు. స్థలదాతకి మాత్రం కప్పుమీద బల్లులు తిరక్కుండా చూసుకోమని హెచ్చరిక వచ్చింది.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంది. నేనూ నవ్వుకున్నాను. శ్రావణం దగ్గర పడుతోంది, ఇవాళ కాకపోతే రేపైనా నడుస్తుందిలే అనుకున్నాను. ఒకరోజు అనంతశయనంగారు ఇసకవాగు స్టేషను ముందు వంగి కూర్చున్నారు. ప్లాట్‌ఫారం మీద నేను పెట్టిన గోరంత మనుషుల్ని ఒక్కొక్కర్నీ చూశారు.

"వీరు ఎంతకాలంగా ఇక్కడ ఉన్నారు?"

"పెట్టిన దగ్గర్నుంచీ ఉన్నారండీ."

"ఎక్కడం లేదు, దిగడం లేదు. టిక్కెట్టు కొన్న దాఖలా లేదు. ఈ స్టేషనుకు రాబడి శూన్యం."

"అవి బొమ్మలండీ. పైగా బండి నడిస్తే కదా ఎక్కడానికి!"

"కారణం ఏదైనా కావచ్చు. రాబడి లేని స్టేషనును కొనసాగించుట పరిపాలనకు భారం."

పోస్టల్ స్టాంపంత కాగితం మీద చక్కని చేతిరాతతో 'ఈ స్టేషను మూసివేయబడినది' అని రాసి, కిటికీకి అతికించారు. ఆయనలో ద్వేషం ఏమీ లేదు. ఉద్యోగంలో ఉండగా అలాంటి స్టేషన్లు ఎన్ని మూయించారో ఆయనకే లెక్క తెలియదు. చెయ్యి అలవాటుగా వెళ్ళిపోయింది. అందుకే నాకు ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక హైమావతి నా భూతద్దం తీసుకుని ఆ కాగితం చదివింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"అసలుది మూసినప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు. అది వాళ్ళది, మూసుకున్నారు" అంది. "ఇది మనింట్లో ఉందండీ."

నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు అనంతశయనంగారు మెట్లెక్కుతుండగానే అడ్డం వెళ్ళాను.

"ఇది నా ఇల్లు. ఆ స్టేషను నా భార్య పుట్టిల్లు. ఆ కాగితం పీకెయ్యండి."

"మిస్టర్ ఆచారీ, ఆవేశం వద్దు. మీకు అప్పీలు హక్కు ఉన్నది."

"ఎవరికి చెయ్యాలి?"

"నాకే."

చేశాను. విచారణ తేదీ ఇచ్చారు. అది కౌసల్యగారు తిరిగి వెళ్ళిపోయిన తర్వాత రోజుకి పడింది. ముందుకు జరపమని బతిమాలాను. దానికి మరో అప్పీలు చెయ్యమన్నారు.

కౌసల్యగారు వచ్చారు. మా ఆవిడ కంటే పెద్ద, మనిషి సన్నగా, మాట నెమ్మదిగా ఉంటారు. వచ్చిన రోజే అక్కచెల్లెళ్ళిద్దరూ మేడమీద స్టేషను ముందు ముక్కాలిపీటలు వేసుకుని కూర్చున్నారు.

"హైమా, నాన్న కిటికీ!" అన్నారావిడ. ఆ తర్వాత కాగితం చూశారు. "ఇదేమిటే?"

"అది తీసేస్తారక్కా. బండి వస్తుంది, నువ్వు వెళ్ళేలోపు చూద్దువుగాని" అని మా ఆవిడ నావైపు చూసింది. నేను తల దించుకున్నాను.

వారం ఎలా గడిచిందో గడిచింది. రోజూ కాఫీ టిఫిన్లు అయ్యాక ఆవిడ పైకి వెళ్ళి కాసేపు కూర్చుని దిగి వచ్చేవారు. "ఏం మరిదిగారూ, ఇవాళ కూడా బండి లేటేనా?" అని నవ్వేవారు. మా షాపులో ఎంతమందో ఆ మాట అన్నారు, ఎప్పుడూ బాధ అనిపించలేదు. ఈవిడ నవ్వితే బాధేసింది.

ఆవిడ మా ఇంట్లో ఉన్న ఆఖరిరోజు సాయంత్రం మా ముందుగదిలో డివిజను సభ పెట్టారు. ప్రమాద రహిత మాసోత్సవం. బల్లి కేసు వాయిదాలో ఉంది గనక ప్రమాదాల్లో చేర్చలేదు. అనంతశయనంగారు తనకి తానే ఇచ్చుకునే ఒక షీల్డు బల్లమీద ఉంది. నేను మిరపకాయ బజ్జీలు పట్టుకొచ్చి పంచుతున్నాను. వలీ తలుపు దగ్గర దిగులుగా కూర్చున్నాడు. మా ఆవిడ, వదినగారు కనపడలేదు. వంటింట్లో ఉన్నారనుకున్నాను.

అనంతశయనంగారు లేచి గొంతు సవరించుకున్నారు.

"మిత్రులారా, ఈ మాసంలో మన డివిజనులో ఒక్క బండి కూడా పట్టాలు తప్పలేదు. ఒక్క బండి కూడా సిగ్నలు అతిక్రమించలేదు. మరీ ముఖ్యంగా, ఒక్క బండి కూడా ఆలస్యంగా నడవలేదని చెప్పుటకు..."

మేడమీద రైలు కూసింది.

ఎవరూ కదల్లేదు. మళ్ళీ కూసింది. దైవసహాయంగారి చేతిలోంచి బజ్జీ జారిపోయింది. అందరికంటే ముందు వలీ పరిగెత్తాడు. ఆ వెనక నేను, నా వెనక మిగిలినవాళ్ళు.

అక్కచెల్లెళ్ళు పీటల మీద కూర్చుని ఉన్నారు. గడ్డాలు బల్లకి ఆనించి, కళ్ళు పట్టాల ఎత్తున పెట్టుకున్నారు. హైమావతి చెయ్యి స్విచ్చి మీద ఉంది. నేను నడిపే రోజుల్లో చూసిందే, గేటు దగ్గర నిలబెట్టిన పూట స్విచ్చి సంగతంతా పట్టేసింది. కౌసల్యగారి వేలిచివర స్టాంపంత కాగితం అంటుకుని ఉంది. ఇంకో చేతిలో గుండుసూది. బండి కొండ మలుపు తిరిగి వంతెన ఎక్కింది. ఆవిడ గుండుసూదితో ఆ స్ప్రింగుముక్కని కొట్టారు. చెవికి ఆనీ ఆనని చిన్న చప్పుడు. హైమావతి వేగం తగ్గించింది. బండి నెమ్మదిగా వచ్చి ప్లాట్‌ఫారం పక్కన ఆగింది.

నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఎన్నివందలసార్లు నడిపానో ఆ బండిని. అది ఎక్కడికో చేరడం ఆ రోజే చూశాను.

అనంతశయనంగారు ఆయాసం తీర్చుకున్నారు. మొహం జేవురించింది.

"ఇది తీవ్రమైన ఉల్లంఘన. ఈ బండికి లైన్ క్లియర్ ఎవరిచ్చారు?"

"మా నాన్న" అంది హైమావతి. చూపు బండిమీంచి తిప్పలేదు.

"ఆయన... స్వర్గస్థులు కదా?"

కౌసల్యగారు చెప్పారు. "మీరు అడిగారు కాబట్టి చెప్తున్నానండీ. ఆ రోజు సాయంత్రం పాసింజరుకి లైన్ క్లియర్ ఇచ్చారు. గంట కొట్టారు. వచ్చి కుర్చీలో కూర్చున్నారు. బండి వచ్చి ఆగింది. గార్డు కిటికీలోంచి మాస్టారూ, మాస్టారూ అని పిలిచాడు. నాన్న పలకలేదు. నేనూ హైమా ప్లాట్‌ఫారం మీద ఆడుకుంటున్నాం."

మామగారు డ్యూటీలో పోయారని నాకు తెలుసు. ఇలా అని ఇన్నేళ్ళలో మా ఆవిడ చెప్పలేదు. నేనూ అడగలేదు.

"డ్యూటీ మారడానికి రిలీఫ్ మాస్టరు ఎప్పుడొచ్చాడమ్మా?" దైవసహాయంగారు అడిగారు. గొంతు చాలా మెత్తగా ఉంది.

"మర్నాడొచ్చాడండీ. తాళాలు నేనిచ్చాను. నాన్న ఎవరికీ అప్పజెప్పలేదు."

దైవసహాయంగారే అన్నారు, అనంతశయనంగారి వైపు తిరక్కుండా.

"స్టేషన్ మాస్టరు కుర్చీ వదలాలంటే రిలీఫ్ మనిషి వచ్చి ఎదురుగా నిలబడాలి. ఈయన నోటితో చార్జి ఇవ్వాలి, ఆయన నోటితో తీసుకున్నాననాలి. అప్పటిదాకా డ్యూటీ అయిపోయినా అయిపోనట్టే. మేమంతా అలాగే చేశాం. ఆ లెక్కన లక్ష్మణాచారిగారు ఇంకా డ్యూటీలోనే ఉన్నారు సార్. ఈ లైన్ క్లియర్ చెల్లుతుంది."

అనంతశయనంగారు నోరు తెరిచారు. దీనికి అడ్డంపడే నిబంధన ఎక్కడో ఒకచోట ఉండకపోదు, ఆయనకి తెలియనిదేముంది? కళ్ళు మూసుకుని వెతుకుతున్నారని మాకు అర్థమైంది. కాసేపటికి కళ్ళు తెరిచారు. కౌసల్యగారి వేలినుంచి ఆ కాగితం తానే తీసుకుని, నాలుగు మడతలు పెట్టారు. అంత చిన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టడం తేలిక కాదు.

"సిబ్బంది డ్యూటీలో ఉండగా స్టేషను మూసివేయుట కుదరదు. నా ఉత్తర్వులో లోపం ఉన్నది" అన్నారు.

దైవసహాయంగారు చొక్కా పైబొత్తాం పెట్టుకున్నారు. టిఫిన్ డబ్బా అంత స్టేషను ముందుకి వెళ్ళి నిటారుగా నిలబడ్డారు.

"అమ్మా, ఆయన ఇన్నేళ్ళుగా కుర్చీలోనే ఉన్నారు. మేం వేళకి రిలీఫ్ పంపలేదు. తప్పు మాది. మీరిద్దరూ సరేనంటే చార్జి నేను తీసుకుంటాను. ఆయన్ని ఇంటికి పంపిద్దాం."

అక్కచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. హైమావతి అక్క చెయ్యి పట్టుకుంది. కౌసల్యగారు స్టేషను కప్పు మీద ఒక వేలు ఆనించారు.

"ఇప్పుడే కదండీ బండి వచ్చింది. ఇంకొన్నాళ్ళు ఉండనివ్వండి" అన్నారు.

అందరం అనంతశయనంగారి వైపు చూశాం. ఆయన జేబురుమాలు తీసి ముక్కు గట్టిగా చీదారు.

"లక్ష్మణాచారిగారికి ఎక్స్‌టెన్షన్ మంజూరు చేయడమైనది."

"ఎంతకాలమండీ?" అని అడిగాను.

"తదుపరి ఉత్తర్వుల వరకు."

ఆ ఉత్తర్వులు ఇవ్వవలసింది ఆయనే. ఇంతవరకు ఇవ్వలేదు.